ఏపీ 36 బండికి టీకా తాత్పర్యం

మూలం: ఏపీ 36 వ్యాగనార్, పెట్రోల్, 2011 మోడల్. సింగిల్ హ్యాండ్, డాక్టర్ గారు వాడిన బండి. తిరిగింది 48 వేలే. షోరూం కండిషన్, ఏసీ చిల్. లాంగ్ డ్రైవ్‌కు ఢోకా లేదు. పేపర్లన్నీ క్లియర్. రేటు కూర్చుని మాట్లాడుకుందాం.

అవతారిక: హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లలో చవక కారు బేరాలకు ఇదే మూలపాఠం. అంకెలు మారతాయి గానీ వాక్యం మారదు. ఓరుగల్లులో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయానికి మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి టీక రాసి, దానికి రత్నాపణమని పేరు పెట్టాడు. రతనాల అంగడికి టీక ఉండి పాత బండ్ల అంగడికి లేకపోవడం లోటే. చేతిలో రెండు లక్షలుండి, ఇంటిల్లిపాదినీ కాశీకి తీసుకుపోదలచినవాడు ఈ గ్రంథానికి అధికారి. పోయిన బండిలోనే తిరిగి రావడం ప్రయోజనం.

ఏపీ 36, 2011 మోడల్: రాష్ట్ర విభజనకు ముందు వరంగల్ జిల్లాలో రిజిస్టరైనదని అర్థం. విభజన తర్వాతివి టీఎస్ 03, 2024 మార్చి నుంచి టీజీ 03. నెంబరు ప్లేటే వయసు చెబుతుండగా మోడల్ చెప్పడం పునరుక్తి కదా అని శంక. కాదు. సొంత కారు ఆర్సీకి ఆయువు 15 ఏళ్ళు. 2011 బండికి 2026లో తీరుతుంది. ఆపైన ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, ఐదేళ్ళు పొడిగించుకోవాలి. అమ్మేవారికి సరిగ్గా ఈ ఏడే అమ్మబుద్ధి కావడంలోని వ్యంగ్యం సహృదయులకు తెలియనిది కాదు.

సింగిల్ హ్యాండ్, డాక్టర్ గారు: ఆర్సీలో పేరు ఒక్కటే అని మాత్రమే తాత్పర్యం, స్టీరింగ్ పట్టిన చేతుల లెక్క ఇందులో లేదు. టీచర్ గారు, బ్యాంకు మేనేజర్ గారు అని పాఠాంతరాలు. ట్రావెల్స్‌కు తిప్పిన బండి అనే పాఠం ఏ ప్రతిలోనూ కనబడదు.

తిరిగింది 48 వేలే: మీటరు వెనక్కి తిప్పడం కాసేపటి పని. అందువల్ల మీటరును కాక కాళ్ళ దగ్గర చూడాలి. బ్రేకు పెడల్ రబ్బరు మీది గీతలు అరిగి నున్నబడి, డ్రైవర్ సీటు దిగే వైపు కుంగి, స్టీరింగ్ పట్టుకునే చోట మెరుస్తుంటే, 48కి ముందు 1 అనే అంకె లేఖకదోషం వల్ల జారిపోయిందని గ్రహించాలి. టైరు గోడ మీద 3219 అని ఉంటే అది 2019లో 32వ వారపు టైరు. అరగకపోయినా ఆరేడేళ్ళ రబ్బరును ఎండాకాలం హైవే మీద నమ్మరాదు.

షోరూం కండిషన్: అతిశయోక్తి. బాడీ మీద చిన్న అయస్కాంతం పెడితే లప్పం పూసిన చోట అది జారిపోతుంది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగిన సంగతి వ్యాఖ్యాత మరువరాదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే, కడిగిన బండిలో కూడా పాత బురద చార అక్కడ మిగిలి ఉండవచ్చు.

లాంగ్ డ్రైవ్‌కు ఢోకా లేదు: ఈ ఒక్క పదం కోసమే టీక అంతా. అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించిన ఇంజను ఏమీ చెప్పదు. పొద్దున్నే చల్లటి బండికి సెల్ఫ్ కొట్టించాలి. కావ్యానికి లాగే దీనికీ ధ్వనే ఆత్మ. నీలి పొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని అర్థం. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు జిడ్డు ఉంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. అక్కడితో బేరం ముగిసినట్టే. తరువాత మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి, బండి కదలకుండా అరగంట నిలబెట్టి టెంపరేచర్ సూదిని చూడాలి. ఏసీ చిల్ అనే విశేషణానికీ ఇదే పరీక్ష.

ఇదే ధరకు పాత పెద్ద విదేశీ సెడాన్ వస్తుండగా వ్యాగనార్ ఏల అని మరో శంక. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ చేరాడు. నేటి దారీ ఇంచుమించు అదే. ఆయన వెంట పల్లకీ బోయీలున్నారు. నేటి యాత్రికునికి తోడు ప్రతి ఊళ్ళోనూ దొరికే స్పేర్ పార్టే. మారుతి వాటర్ పంపు చిన్న ఊళ్ళోనూ దొరుకుతుంది, పెద్ద సెడాన్‌ది నగరం నుంచి తెప్పించాలి. పైగా 2010 తర్వాతి వ్యాగనార్‌లోని 998 సీసీ ఇంజనుకు టైమింగ్ చైను ఉంది. పాత శాంత్రోలో ఉన్నది బెల్టు. మార్చిన బిల్లు చూపలేకపోతే మార్చలేదనే అన్వయించుకోవాలి. మారుతి 800 మంచిదే గానీ, ఐదుగురితో, సామానుతో, ఏసీతో ఆ 796 సీసీ ఇంజను ఆయాసపడుతుంది.

పేపర్లన్నీ క్లియర్: ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి, పేరు మార్పుకు ఫారం 29, 30. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి పేరు మారే తొందర అమ్మేవారికే ఎక్కువ ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో అడగాలి.

రేటు కూర్చుని మాట్లాడుకుందాం: చెప్పిన రేటు రేటు కాదని భావం. రెండు లక్షలున్నవారు లక్షన్నర బండే చూడాలి. మిగతాది టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, రేడియేటర్ గొట్టాలకు. పేరు మారాక కూడా వెంటనే కాశీకి కాదు, ముందు మేడారానికి పోయి రావాలి. రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దారిలో బయటపడిన జబ్బును వరంగల్‌లో తెలిసిన మెకానిక్ చేత బాగుచేయించడానికి అయ్యే ఖర్చు, జబల్పూరు దాటాక హైవే మీద బండిని లాగించుకునే ఖర్చు కన్నా తక్కువ.