గైడు ఒప్పుకోని సలహాలు

సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీకి చేరినవాళ్లకు మొదటి ఏడాది అందరూ ఒకే దారి చూపిస్తారు. ముందు అంశం ఎంచుకో, దాని మీద వచ్చినవన్నీ చదువు, ఎవరూ ముట్టుకోని ఖాళీ వెతుకు, అదే నీ పరిశోధన సమస్య, దాని కింద ఆరు లక్ష్యాలు రాయి. నేను చెప్పేవి దీనికి పూర్తిగా ఎదురు సలహాలు. సినాప్సిస్ కమిటీ ముందు వీటికి చీవాట్లు పడినా పడతాయి. అయినా వీటినే పట్టుకోమంటాను.

అంశం కంటే ముందు ఊరు ఎంచుకోండి. హిందూపురం పక్కనున్న చిలమత్తూరు మండలమే తీసుకోండి. కొడికొండ చెక్‌పోస్టు దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద కాస్త ముందుకు పోతే కర్ణాటకలోని బాగేపల్లి తాలూకా. అటూ తెలుగు వినిపిస్తుంది, ఇటూ తెలుగే. నేల తీరు ఒకటే, వాన లేమి ఒకటే. మారేది ప్రభుత్వం. ఒకే రకం మనుషులు రెండు రాష్ట్రాల పాలనలో పక్కపక్కన బతుకుతున్న ఇలాంటి చోటు దొరకడం పరిశోధకుడికి అదృష్టం. ఇక్కడ ఒక్క నెల తిరిగితే ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. మల్బరీ వేసి పట్టుగూళ్లు తీసే రైతు ఏ పంటను హిందూపురం మార్కెట్‌కు తీసుకెళ్తాడు, ఏ పంటతో సరిహద్దు దాటి శిడ్లఘట్టకో రామనగరానికో పోతాడు? ధర కోసమా, డబ్బు వెంటనే చేతికి వస్తుందనా, పాత పరిచయం వల్లా? ఇదీ సమస్య అంటే. 'చిలమత్తూరు పట్టు రైతుల మీద ఇంతవరకు థీసిస్ రాలేదు' అన్నది సమస్య కాదు. థీసిస్ రాని మండలాలు ఎన్ని లేవు?

గ్రంథాలు చదవొద్దనడం లేదు. ప్రశ్న పుట్టాక చదవండి. అప్పుడు చదివింది ఒంటబడుతుంది.

'ప్రభావం' అనే మాటను మీ శీర్షికలోకి రానివ్వకండి. ఈ సలహా మీదే నాకు ఎక్కువ పట్టుదల. 'పెనుకొండ ప్రాంతంపై కియా పరిశ్రమ ప్రభావం' అని రాశారనుకోండి. ఎర్రమంచి దగ్గర కర్మాగారం పెట్టడానికి 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. ప్రభావం ఎవరి మీద? భూమి ఇచ్చినవాడి మీదా, ఆ భూమిలో కూలికి పోయినామె మీదా, ఐటీఐ చదివిన కుర్రవాడి మీదా, ఇల్లు అద్దెకిచ్చేవాడి మీదా? ఆ మాట వీళ్లందరినీ ఒక గంపలో పోసి, చివరికి 'మిశ్రమ ఫలితాలు' అని తేలుస్తుంది. 'భూమి ఇచ్చిన కుటుంబాల్లో పరిహారం డబ్బు మళ్లీ భూమిగా మారిందా, మారకపోతే దేనిగా మారింది?' అని అడగండి. దానికి జవాబు దొరుకుతుంది.

చిలమత్తూరులో ఇంకా కఠినమైన ఉదాహరణ ఉంది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 2009 ప్రాంతంలో సుమారు 8,800 ఎకరాలు కేటాయించారు. హబ్ రాలేదు, సీబీఐ కేసు వచ్చింది. దీని మీద 'భూసేకరణ బాధితుల స్థితిగతులు' అని లక్ష్యం రాసుకున్న విద్యార్థి మొదట ఏం చేస్తాడు? పరిహారం జాబితా సంపాదించి, అందులోంచి నమూనా తీస్తాడు. ఆ జాబితాలో ఉండేది కాగితం ఉన్నవాళ్లు. కౌలుకు చేసినవాడు, కూలికి పోయినామె, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాడు అందులో కనబడరు. లక్ష్యం రాసిన రోజే వాళ్లు పరిశోధనలోంచి తప్పిపోయారు. 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబాల్లో కౌలుదారులను, వ్యవసాయ కూలీలను కూడా చేర్చింది. హబ్ భూములు తీసుకున్నది అంతకు ముందు. చట్టమే తన నిర్వచనం మార్చుకున్నాక కూడా మన లక్ష్యాలు పాత జాబితా పట్టుకు వేలాడితే ఎలా?

అందుకే జాబితాలో లేనివాళ్లతో మొదలుపెట్టమంటాను. ధర్మవరంలో 2019 డిసెంబరు 21న నేతన్న నేస్తం పథకం మొదలైంది, సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చేవాళ్లు. 'లబ్ధిదారుల సంతృప్తి స్థాయి' అని లక్ష్యం పెట్టుకుని డబ్బు అందినవాళ్లను అడిగితే బాగుందనే అంటారు. వేరొకరి మగ్గం మీద కూలికి నేసేవాళ్లను, కండెలు చుట్టే ఆడవాళ్లను అడగండి. పథకం నేతను ఎలా నిర్వచించిందో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

లక్ష్యాలు రెండు చాలు. 'సమాచారదాతల సామాజిక ఆర్థిక నేపథ్యం అధ్యయనం చేయడం' అని మొదటిది ఉంటుంది, కొట్టేయండి. అది ఒక పట్టిక, లక్ష్యం కాదు. 'తగిన సూచనలు చేయడం' అని చివరిది ఉంటుంది, అదీ కొట్టేయండి. మిగిలిన ప్రతి లక్ష్యం కింద రాగల రెండు జవాబులు ముందే రాసి చూడండి. ఏది వచ్చినా ఎవరి ఆలోచనా మారదనిపిస్తే ఆ లక్ష్యమూ వద్దు.

సమస్యను బయటివాళ్లు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. 1930 ప్రాంతంలో వియన్నాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ కార్మికుల తీరిక సమయం మీద పరిశోధన చేద్దామనుకున్నాడు. ఇంత నిరుద్యోగంలో తీరిక గురించి అడగడమేమిటని రాజకీయ నాయకుడు ఆటో బాయర్ తప్పుబట్టాడు. దాంతో ఆ బృందం బట్టల మిల్లు మూతపడిన మారియెంతాల్ అనే ఊరికి పోయింది. మేరీ యహోడా, హాన్స్ జైసెల్ కూడా కలిసి ఆ ఊరి గురించి రాసిన పుస్తకం 1933లో వచ్చింది. వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో కూడా వాళ్లు లెక్కగట్టారు. పని పోయిన మగవాళ్లు మెల్లగా నడిచి ఆగి ఆగి పోయేవాళ్లు. ఇంటిపని తగ్గని ఆడవాళ్లు వేగంగా పోయేవాళ్లు. చేతినిండా సమయం ఉండి కూడా దాన్ని వాడుకోలేని స్థితి అలా బయటపడింది. తీరిక గురించిన తొలి ప్రశ్నకు కూడా జవాబు అక్కడే దొరికింది.

కాబట్టి మీ ప్రశ్నను గైడుకంటే ముందు గూళ్ల మార్కెట్లో కూర్చున్న రైతుకు ఒక్క వాక్యంలో చెప్పండి. 'అదేముందప్పా, అందరికీ తెలిసిందే కదా' అంటే, ఆ తెలిసిందేమిటో అడిగి రాసుకోండి. పక్కనున్నాయన 'అట్ల కాదులే' అని అడ్డుపడితే ఇద్దరి మాటా రాసుకోండి. వాళ్లకు ఎక్కడ పడలేదో అక్కడే మీ మొదటి లక్ష్యం ఉంది. శీర్షిక ఆ తర్వాత పెట్టుకోవచ్చు.