బొమ్మా? బొరుసా?

బతికున్న గుర్రంతో మొదలై నూరేళ్లు దాటిన పురాతన వస్తువుతో ముగిసే గ్రంథం ఒకటుంది. సకల సృష్టినీ అంకెల గళ్లలో సర్దిన ఆ గ్రంథం పేరు హార్మనైజ్డ్ సిస్టం. 1988 నుంచి అమల్లో ఉంది. దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఆరంకెలు, మనవాళ్లు చేర్చుకున్నవి మరో రెండు. రేవులో దిగిన ప్రతి వస్తువూ ‘నేనెవరు?’ అన్న ప్రశ్నకు ఈ ఎనిమిదంకెల్లో జవాబు చెప్పుకోవాలి. రమణ మహర్షి అడగమన్న ప్రశ్నే. కాకపోతే ఇక్కడ జవాబు తప్పితే పెనాల్టీ పడుతుంది.

వస్తువు స్వభావాన్ని బట్టే గడి నిర్ణయిస్తామనీ, సుంకం ఎంతన్నది తమకు పట్టదనీ కస్టమ్స్ వారి మాట. దిగుమతిదారుదీ అదే ఒట్టు. ఇంతటి నిష్కామకర్మ మరే శాఖలోనూ కనబడదు.

బొమ్మల గడి 9503. 2020 బడ్జెట్‌లో వాటి మీద సుంకం 20 శాతం నుంచి 60కి ఎక్కింది. 2023లో 70 అయింది. విచిత్రమేమిటంటే, అప్పటినుంచీ ఏ బొమ్మకూ బొమ్మగా ఉండాలనిపించడం లేదు. పొట్ట నొక్కితే పాటలు పాడే ఎలుగుబంటినే తీసుకోండి. దిగుమతిదారు లెక్కలో అది స్పీకరు, ఎలుగుబంటి దానికి తొడిగిన చొక్కా. అధికారి లెక్కలో అది అచ్చమైన ఎలుగుబంటి, స్పీకరు దాని గొంతు. స్పీకర్ల మీద సుంకం బొమ్మల సుంకంలో మూడో వంతు కూడా ఉండదన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు. ఇద్దరూ ఎలుగుబంటి ఆత్మ గురించే మాట్లాడతారు.

ఆత్మను కనుక్కోవడానికి సూత్రాలూ ఉన్నాయి. 3(బి) ప్రకారం వస్తువుకు అసలు లక్షణం ఏది ఇస్తుందో చూడాలి. బొచ్చా, బ్యాటరీయా? ఎంత తవ్వినా తేలకపోతే 3(సి): సమానంగా పోటీపడే గళ్లలో పట్టికలో ఏది చివర వస్తే దానికే ఇచ్చేయాలి. వేదాంతమంతా అయ్యాక చీటీ తీయడమన్నమాట. అదైనా నిజమైన చీటీ కాదు. స్పీకరు ఉండేది 85వ అధ్యాయంలో, బొమ్మలు 95లో. అధ్యాయాల వరుస 97తో ముగుస్తుంది కాబట్టి తగవు తెగని ప్రతిసారీ గెలిచేది దాదాపుగా బొమ్మే. మన దగ్గర బొమ్మంటే 70 శాతం.

అదే ఎలుగుబంటి అమెరికాలో దిగితే? ఈమధ్య వేసిన అదనపు సుంకాలను పక్కన పెడితే, అక్కడ బొమ్మల మీద మామూలు సుంకం సున్నా. కాబట్టి అక్కడ దిగుమతిదారు దాన్ని గుండెకు హత్తుకుని ‘ఇది బొమ్మే, పసిపిల్లల నేస్తం’ అంటాడు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే బొచ్చు. ఓడ ఏ వైపు తిరిగితే ఆ వైపు స్వభావం.

సున్నా కాకముందు అక్కడా వేదాంతం వర్ధిల్లింది. మనిషిని పోలినది డాల్, దాని మీద 12 శాతం. మనిషి కానిది మామూలు బొమ్మ, 6.8 శాతం. ఎక్స్‌మెన్ వీరుల బొమ్మలు దిగుమతి చేసుకున్న టాయ్ బిజ్ కంపెనీ కోర్టుకెక్కి వీళ్లు మనుషులు కారని వాదించింది. అది ఎక్స్‌మెన్ కథల సొంతదారైన మార్వెల్ వారి కంపెనీయే. ఎక్స్‌మెన్ కథల సారమంతా ‘మేమూ మనుషులమే, మమ్మల్ని వేరుచేయకండి’ అనే మొర. దశాబ్దాల పాటు ఆ మొర అమ్ముకున్నవాళ్లే 5.2 శాతం తేడా కోసం దాన్ని కొట్టేయమన్నారు. 2003లో జడ్జి జుడిత్ బార్జిలే బొమ్మల్ని పరిశీలించి, ఎక్స్‌మెన్ మనుషులు కారని తేల్చారు. కంపెనీ గెలిచింది.

ఐరోపాలో సోనీది మరో దారి. ప్లేస్టేషన్ 2 ఆటల యంత్రం కాదు, కంప్యూటర్ అని వాదించింది. దాంతోపాటు ఇచ్చిన డిస్కులో ప్రోగ్రాములు రాసుకునే యాబేసిక్ అనే సాధనం కూడా పెట్టింది. దానిమీద ఎంతమంది పిల్లలు ప్రోగ్రాములు రాశారో గానీ, లాయర్లు మాత్రం చాలా రాశారు.

మళ్లీ మన రేవుకొద్దాం. గాల్లో ఎగిరే చిన్న డ్రోన్ వచ్చిందనుకోండి. 88వ అధ్యాయం నోటు ప్రకారం కేవలం వినోదం కోసమే తయారైన ఎగిరే బొమ్మ డ్రోన్ కాదు, 9503కే పోతుంది. 2022 ఫిబ్రవరిలో కొన్ని మినహాయింపులతో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. దాంతో నిన్నటిదాకా ‘బొమ్మ కాదు మొర్రో’ అన్న నోరే ‘ఒట్టు, బొమ్మే’ అంటుంది. ఎంతగా అంటే, 70 శాతం కట్టడానికి కూడా సిద్ధం. పోనీ, విప్పి ముక్కలుగా తెస్తే? 2(ఎ) సూత్రం కాచుకుని ఉంటుంది. బిగించకపోయినా మొత్తం వస్తువు మొత్తం వస్తువేనట.

అన్నట్టు, కుక్కపిల్ల కొరుక్కునే రబ్బరు ఎముక బొమ్మ కాదు. 95వ అధ్యాయం ఐదో నోటు చూడండి. జంతువుల కోసమే చేసినదానికి ఆ గౌరవం లేదు.

దేశవాళీ బొమ్మల పరిశ్రమను కాపాడటం తప్పని నేననను. కాపాడదలిస్తే కాపాడండి. కానీ ఒకే బోర్డు, ఒకే బ్యాటరీ ఉన్న రెండు వస్తువుల మధ్య అన్ని శాతాల గొయ్యి తవ్వి, అందులో పడకుండా నడవడానికి తత్వశాస్త్రం నేర్చుకోమనడం దేనికి? రేటు తేడా లేనప్పుడు ఏ ఎలుగుబంటి ఆత్మ గురించీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఇంతకీ తగవు ఎక్కడ తెగుతుంది? అసెస్‌మెంటు అధికారి దగ్గర ఓడినవాడు కమిషనర్ (అప్పీల్స్) దగ్గరికి, అక్కడినుంచి ట్రిబ్యునల్‌కు వెళ్తాడు. దాని బెంచి హైదరాబాద్‌లోనూ ఉంది. ఆ తర్వాత హైకోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. సుంకం రేటు తగవైతే కస్టమ్స్ చట్టం 130ఇ సెక్షను కింద నేరుగా సుప్రీంకోర్టే. పొలం గట్టు తగాదాకు కూడా లేని రాజమార్గం పాటలు పాడే ఎలుగుబంటికి ఉంది.

ఈలోగా పెట్టె రేవులో ఉంటుంది. దానికి రోజువారీ అద్దె లెక్కగట్టే గుమాస్తా ఒక్కడే లోపల ఉన్నది బొమ్మా కాదా అని ఎన్నడూ అడగడు.