తెరచాపల బడి

నా పేరు నిప్పాన్ మారు. యొకొహామాలో, ఒకప్పుడు ఓడలకు మరమ్మతులు చేసిన రాతి డాక్‌లో నీటి మీదే ఉంటాను. కదలని ఓడ ఓడే కాదని, మ్యూజియం అయిననాడే నా కథ ముగిసిందని కొందరంటారు. సరుకు ఓడ విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. నా పుట్టుకకు కారణం వేరు. 1927లో కాగోషిమా నౌకావిద్యాలయానికి చెందిన శిక్షణ నౌక కిరిషిమా మారు తుఫానులో చిక్కి 53 మందితో మునిగిపోయింది. శిక్షణకు పెద్ద ఓడలు కావాలన్న వాదనకు ఆ ఘోరం బలమిచ్చింది. 1930 జనవరిలో కోబేలో నేను నీట దిగాను. అదే ఏడాది నా తోబుట్టువు కైవో మారు కూడా. అప్పటికే సముద్ర వ్యాపారం యంత్రాల చేతికి పోయింది. నాకూ రెండు డీజిల్ ఇంజన్లు పెట్టారు. మరి నాలుగు స్తంభాలు, 29 తెరచాపలు ఎందుకు? గాలి పోకడ ఒంటికి పట్టాలని; ఒక్కడి వల్ల కాని మోకును పదిమంది ఒక్క ఊపున లాగడం అలవడాలని. పొద్దున్నే బారులు తీరి గొంతుకూర్చుని, పీచుతో ఉన్న కొబ్బరి చెక్కలతో డెక్కును రుద్దడమూ ఆ చదువులో భాగమే.

అందుకే నన్ను తిరిగిన దూరంతో కాక నేర్పిన పనితో తూచాలి. 1943లో యుద్ధం పేరుతో నా తెరచాపలు తీసేశారు. ఇంజన్ మీదే తిరిగి సరుకు మోశాను. యుద్ధం ముగిశాక పరాయి దేశాల్లో చిక్కుకున్న జపనీయులను ఇల్లు చేర్చాను. మంచి పనే, కానీ అది ఏ స్టీమరైనా చేయగలదు. 1952లో తెరచాపలు మళ్లీ కట్టేదాకా కదిలాను గాని, నన్ను ఏ పనికి కట్టించారో అది సగమే చేశాను. 1984లో విరమించేనాటికి సుమారు 11,500 మంది కేడెట్లు నా మీద చదువుకున్నారు. ఇప్పుడు ఏటా కొన్నిసార్లు, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు అడ్డదూలాల మీదికెక్కి తెరచాపలన్నీ విప్పి, తిరిగి చుట్టి కడుతున్నారు.

అలల్లేని చోట అదంతా ప్రదర్శనే కదా అంటే, సగం నిజమే. డాక్‌లో స్తంభం ఊగదు. ఊగే స్తంభం మీద నిలదొక్కుకునే పాఠం 1984లో నా పేరుతోనే వచ్చిన కొత్త ఓడ చెబుతుంది. విప్పకుండా ఉంచితే తెరచాపలు ఎక్కువకాలం మన్నుతాయన్నదీ నిజమే. కానీ గుడ్డ చిరిగితే కొత్తది కుట్టించవచ్చు. ఏ తాడు ముందు వదలాలో, ఏది బిగించాలో తెలిసిన చేతులు పోతే పుస్తకం చూసి తెచ్చుకోలేం. 2017లో జపాన్ ప్రభుత్వం నన్ను ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. నా ఉక్కును కాపాడటానికి ఆ ప్రకటన చాలు. శిక్షణ నౌక అన్న పేరు మాత్రం, ఆ పని ఒకరి నుంచి ఒకరికి అందుతున్నంతవరకే నాకు చెల్లుతుంది.