కారం కంపెనీకి పేరు తెచ్చే ఉపాయాలు

గుంటూరులో కారం మిల్లు పెట్టారా? మంచి పని చేశారు. ఇక మిల్లు సంగతి పక్కన పెట్టి పేరు సంగతి చూడండి.

ముందు ప్యాకెట్ మీద ‘గుంటూరు’ అని పెద్దక్షరాలతో కొట్టించండి. లోపలి కాయ ఎక్కడిదని ఎవరడుగుతారు? గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అంత మంచి పేరును పండించేవాళ్లకే వదిలేస్తామా?

తర్వాత రంగు. తాలుకాయలు చవగ్గా దొరుకుతాయి, ఎరుపు ఒక్కటే తక్కువ. అది డబ్బాలో దొరుకుతుంది. ఇలా రంగేసినవాళ్లకు వచ్చిన ప్రచారం ఇంతా అంతా కాదు. 2003లో ఫ్రాన్సులో మన దేశపు కారంలో సూడాన్-1 బయటపడింది. మైనానికీ బూటు పాలిష్‌కీ వాడే రంగది. పరీక్ష పత్రం లేనిదే కారం రానివ్వమని ఐరోపా సమాఖ్య కూర్చుంది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇంకా పెద్ద పేరొచ్చింది. ఇక్కణ్ణుంచి వెళ్లిన కారం ఒక సాసులో కలిసి, ఆ సాసు సూపుల్లోనూ వండి అమ్మే భోజనాల్లోనూ చేరి, 400కు పైగా సరుకులు దుకాణాల్లోంచి వెనక్కి పోయాయి. పైసా ఇవ్వకుండా అన్ని పత్రికల్లోనూ వార్త! ఏ ఏజెన్సీ తేగలదు చెప్పండి? ఈ రంగు పుణ్యాన ఎగుమతి కారానికి స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరైంది. రంగు ముట్టనివాడు కూడా నమూనా పట్టుకుని వరసలో నిలబడాల్సిందే.

ఆ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. లాటు లాటుకీ పరీక్ష చేయించి నివేదిక వెబ్‌సైటులో పెడదామని మీ అబ్బాయి అంటాడు. పిల్లకాయ మాట, పట్టించుకోకండి. నివేదికలో తేదీలూ అంకెలూ ఉంటాయి, జనం చదువుతారు. దానికి బదులు యాంకరమ్మకు ఎర్ర చీర కట్టించి ‘అమ్మ చేతి రుచి’ అనిపించండి. 2024 ఏప్రిల్‌లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పురుగుమందు ఉందంటూ హాంకాంగ్ మన దేశపు రెండు పేరున్న బ్రాండ్ల మసాలాలు కొన్నింటి అమ్మకం ఆపించింది. అలాంటప్పుడు ఎవరూ అడగకముందే ‘మా దాంట్లో లేదు’ అని ప్రకటన ఇచ్చేయాలి. పరీక్ష తర్వాత చూసుకోవచ్చు.

ఒంగోలులో ఒకావిడ గ్లాసు నీళ్లలో మీ కారం వేసి, రంగు దిగడం వీడియో తీసి పెట్టిందనుకోండి. ప్యాకెట్ నంబరు అడగడం, సరుకు వెనక్కి తెప్పించడం చేతకానివాళ్ల పని. వెంటనే లాయరు నోటీసు పంపండి. అప్పటిదాకా ఆవిడ చుట్టాలే చూసిన వీడియోను సాయంత్రానికల్లా చానెళ్లు ఎత్తుకుంటాయి. మీరు చర్చకు వెళ్లి ‘ఇది పోటీదారుల కుట్ర’ అనండి. ఏ పోటీదారని అడిగితే ఫోను వచ్చినట్టు లేచిపోండి.

రైతుల్ని మరిచిపోకండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. అలాంటి వారం చూసుకుని ‘రైతు నవ్వే మా రుచి’ అని మిర్చి యార్డు గేటు ఎదుట ఫ్లెక్సీ కట్టండి. మిర్చి బస్తాల మీద కూర్చున్నవాళ్లు చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఫొటోలో రైతు తలపాగా మాత్రం కొత్తదై ఉండాలి, మోడల్‌ను హైదరాబాద్ నుంచి తెప్పించండి.

నా ఫీజు ముందుగానే ఇచ్చేయండి. సరుకు వెనక్కి రావడం మొదలయ్యాక మీ ఫోను కలవదు.