అంపశయ్య మీద ఆంప్లిఫైయర్

భీష్ముడి తరవాత ములుకుల మీద పడుకునే భాగ్యం మా మిత్రుడి ఆంప్లిఫైయర్‌కే దక్కింది. నాలుగు మూలలా ఇత్తడి ములుకులు, వాటి కింద గ్రానైటు పలక, పలక కింద రబ్బరు బిళ్లలు. ములుకేమో నేలని గట్టిగా పట్టుకోమంటుంది, రబ్బరేమో వదిలెయ్యమంటుంది. స్పీకర్ వైర్లు నేలకి తగలకుండా పింగాణీ పీటలు కూడా వేశాడు. మడి కట్టుకున్న వైర్లు మరి! "అదురంతా భూమిలోకి దిగిపోతుంది గురూ, గాయని ఊపిరి కూడా వినిపిస్తుంది" అన్నాడు. నాకు వాడి ఊపిరే వినిపించింది, పలక మోసిన ఆయాసంతో.

అదురు అబద్ధమని నేననను. రికార్డు ప్లేయర్‌కి అది నిజమైన శత్రువే. తల వెంట్రుకంత సన్నని గాడిలో నడిచే ముల్లుకి పాట ఏదో, పక్కన మనం వేసే అడుగు ఏదో తెలీదు. అందుకే 1961లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్ టర్న్‌టేబుల్‌లో పళ్లేన్నీ టోన్ ఆర్మ్‌నీ ఒకే చట్రానికి బిగించి, స్ప్రింగుల మీద నిలబెట్టాడు. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్‌లో ఆ ముల్లేదీ? అక్కడ వణికేది బిల్లు పట్టుకున్న చెయ్యే.

స్పీకర్ల కింది ములుకులకైతే ఓ పని ఉండేది. తివాచీ పరిచిన ఇళ్లలో బరువైన పెట్టె ఊగకుండా, తివాచీని గుచ్చుకుని కింది చెక్కని పట్టుకోవడం. మన శ్లాబు ఇళ్లలో గుచ్చుకోవడానికి టైల్సు తప్ప ఏముంది? పైగా ములుకు వన్‌వే రోడ్డేమీ కాదు. ఇటు నుంచి దిగిన అదురు అటు నుంచి ఎక్కనూ గలదు. గీతలు పడతాయని మావాడు ఒక్కో ములుకు కింద ఒక్కో రూపాయి బిళ్ల పెట్టాడు. రెండు స్పీకర్లకి ఎనిమిది రూపాయలు. మొత్తం ఖర్చులో సద్వినియోగమైంది అంతే.

పాట పెట్టాడు. మృదంగం తొప్పి మీద దెబ్బ పడగానే గదంతా గుయ్యిమంది. 12 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర బాసు ఉబ్బిపోతుంది. దానికి ములుకు మందు కాదు, కుర్చీ గోడ దగ్గర్నుంచి జరపాలి. ఆ వెనకే టరటరమని ఇంకో మోత. షోకేసు అద్దం! లోపల స్టీలు గ్లాసులు తాళం వేస్తున్నాయి. వాళ్లావిడ వంటింట్లోంచి వచ్చి, పాత శుభలేఖ ఒకటి మడిచి అద్దం సందులో దోపి వెళ్లింది. మోత ఆగింది.

మీ ఇంట్లోనూ ములుకులుంటే కళ్లకి గంతలు కట్టుకుని కూర్చోండి. ఎవరినైనా వాటిని పెడుతూ తీస్తూ ఉండమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పారంటే, మీ గ్రానైటు పలక మూడో అంతస్తుకి నేనే మోస్తాను.