తొలగింపబడిన జంతువుల పక్షమున ఒక అర్జీ

ఒక గ్రంథమునకు ఉత్తరభాగము సంతరించుట యెట్టి కార్యమో నెల్లూరు సీమవారికి ఒకరు బోధింపవలసిన పని లేదు. నన్నయభట్టారకుడు అరణ్యపర్వము నడుమ విడిచిపోయిన భారతమును, రమారమి రెండు వందల యేండ్లు గడచిన పిమ్మట, మనుమసిద్ధి కొలువునందలి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు పూరించి తెలుగువారి చేతిలో పెట్టెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును తరువాతి శతాబ్దమున ఎఱ్ఱన వచ్చి పూడ్చుటయే కాక, దానిని నన్నయ యాశ్రయించిన రాజరాజనరేంద్రునికే అంకితము చేసి, తనకు రావలసిన కీర్తిని సైతము పూర్వుని పద్దున జమకట్టెను. ఇంతటి కాలవ్యవధిలో ముందుగా సొమ్ము చెల్లించి గ్రంథమునకై కాచుకొన్నవాడు ఒక్కడును లేడు. విడుదల దినమున అర్ధరాత్రి అంగడి ముందు వరుసలో నిలిచినవాడును లేడు. అందువలననే కాబోలు, ఆ ఉత్తరభాగము బాగుండెను.

చలనచిత్రముల ప్రసంగము నేనెత్తను. 2007లో ‘శంకర్ దాదా జిందాబాద్’, 2015లో ‘కిక్ 2’, 2016లో ‘సర్దార్ గబ్బర్ సింగ్’, ఈ నామత్రయము నుచ్చరించినంతనే నడివయసు మిత్రులకు కూడ నిట్టూర్పు పుట్టును గనుక, మొదటి భాగమునకు చొక్కాలు చించుకొన్నవారే రెండవదానికి నోళ్లు చించుకొనిరని మాత్రము చెప్పి ఆ యధ్యాయమును మూసివేయుచున్నాను.

నేటి వ్యాజ్యము అరచేత నిముడు ఒక యాటయంత్రమునకు సంబంధించినది. జపాను దేశమున గేమ్ ఫ్రీక్ అను చిన్న సంస్థవారు నిర్మింపగా, నింటెండో కంపెనీవారు 1996 ఫిబ్రవరి 27వ తేదీన గేమ్ బాయ్ అను నాలుగు బ్యాటరీల యంత్రమునకై విడుదల చేసిన పోకెమాన్ క్రీడయందు, ఆడువాడు ఒక పల్లెటూరి బాలుని పాత్ర ధరించి, ఊరూరు తిరిగి, గడ్డిలో దాగిన వింతజంతువులను బంతులలో బంధించి, వానిని సాకి పోరాటములకు దింపి, కడపట దేశమునకెల్ల మొనగాడగును. బాల్యమున పురుగులు పట్టుటయందు మిక్కిలి యాసక్తి గల సతోషి తజిరి యను నాతడు, ఊరు పెరిగి పొలములు తరిగినపుడు ఆ సంతోషము రాబోవు పిల్లలకు లేకపోవునే యని చింతించి దీనిని కల్పించెను. తొలకరి చినుకులకు నేలమీద ప్రాకు ఆరుద్రపురుగులను అగ్గిపెట్టెలో దాచుకొని బడికి పోయిన మా మెట్టసీమ పిల్లలకు ఈ క్రీడాసారము సులభముగనే బోధపడును. భేదమెల్ల ఆరుద్రపురుగులకు వెల లేకుండుటయు, ప్రతి వానకును అవి యథాపూర్వముగా వచ్చుటయు మాత్రమే.

మొదటి క్రీడలో జంతువులు 150, దాగియున్న దింకొకటి. 1999లో వచ్చిన ద్వితీయభాగము వానికి మరి నూరు చేర్చి 251 చేసెను. అంతియ కాక, కథ ముగిసినదనుకొన్న తరువాత మొదటి భాగమునందలి దేశమునుగూడ మరల సంచరించుటకు దారి తెరచెను. అడిగినదానికంటె అధికముగా నిచ్చుట రాబోవు కాలమున తమకే ఋణమై కూర్చుండునని ఆ నిర్మాతలకు అప్పుడు తోచినట్లు లేదు. 2002 మొదలు వచ్చిన భాగములలో మరియొక సదుపాయము క్రమముగా బలపడెను: ఒక భాగమున సాకిన జంతువును తరువాతి భాగములోనికి, దానినుండి ఆ పై భాగములోనికి తోలుకొని పోవచ్చును. తొమ్మిదవ యేట పట్టిన జంతువు ఇరువదియైదవ యేట ఉద్యోగస్థుని వెంట నడచెను. దీనిని పిచ్చి యనువారు తమ యింట నూనెమరకల పెండ్లిఫొటోలు ఎందుకు దాచుకొనిరో ముందు చెప్పవలెను.

ఆ దారి 2019 జూను నెలలో మూతపడెను. లాస్ ఏంజిలిస్ నగరమున జరిగిన ప్రదర్శనయందు నిర్మాత జునిచి మసుదా, రాబోవు ‘స్వోర్డ్’, ‘షీల్డ్’ అను జంటభాగములలోనికి పూర్వజంతువు లన్నిటికిని ప్రవేశము లేదనియు, ఆ దేశపు పట్టికలో పేరున్నవానికే యర్హత యనియు ప్రకటించెను. క్రొత్తవానితో కూడి జంతుకోటి 900కు చేరువ కాగా, నవంబరు 15వ తేదీన విడుదలైన క్రీడాపట్టికలో నిలిచినవి 400. బొమ్మల కదలికలకు మెరుగు పెట్టుటకును, పోరాటములలో సమతూకము నిలుపుటకును ఇట్లు చేయవలసివచ్చెనని హేతువు చెప్పబడెను. అన్నిటిని పట్టుడని ఇరువది మూడేండ్లు ఉద్బోధించిన సంస్థయే, హఠాత్తుగా సగమునకు లోపలనే తృప్తి నొందుడని వైరాగ్యోపదేశమునకు పూనుకొనుట ఆధ్యాత్మికముగా ఉన్నతమే యైనను, వెల మాత్రము సగము కాలేదు.

మొన్నటి జ్యేష్ఠమాసమున, నర్రవాడ వెంగమాంబ పేరంటాలు బ్రహ్మోత్సవములకై స్వగ్రామములకు వచ్చిన యువకులతో దుత్తలూరు కూడలి కళకళలాడుచుండగా, ఒక టీ అంగడి బల్లమీద ఈ వ్యాజ్యము సమగ్రముగా విచారణకు వచ్చెను. వాది బెంగళూరున సాఫ్ట్‌వేర్ కొలువు చేయు నొక యువకుడు. వానికి సాక్షి, చెన్నపట్నమున చదువుకొనుచు బర్మా బజారులో బేరమాడి ఆ యంత్రమును సంపాదించిన వాని పినతండ్రి కుమారుడు. ప్రతివాది సముద్రముల కావలనున్నందున ఆతని స్థానము ఖాళీ. న్యాయాధిపతి, కలిగిరి బస్సునకై కాచుకొనియున్న యొక పొగాకు రైతు. ఆయనకు ఈ పదవి లభించినట్లు ఆయనకే తెలియదు.

“చెట్టు చూడు మావా,” అని వాది ఫోనులో బొమ్మ చూపెను. “1998లో వచ్చిన జెల్డా గేములో చెట్టు ఇది. మావోళ్ళు 2019లో పెట్టిన చెట్టు ఇది. యాడన్నా తేడా ఉండాదా?”

పెద్దాయన కన్నులు చిట్లించి, రెండును సర్కారుతుమ్మలే యని తీర్పు చెప్పెను.

నేరారోపణములు ఒక్కొక్కటిగా వెలువడినవి. రెండు కాళ్లతో తన్నునని పేరుపొందిన దెబ్బను ప్రయోగించునపుడు, ఆ కుందేటిజంతువు కాలెత్తి తన్నుటకు బదులు ఉన్నచోటనే చిన్నగెంతు గెంతి యూరకుండునట. కదలికలకు మెరుగు పెట్టుటకై వందలకొలది ప్రాణులను వెలివేసినవారి కదలిక యిది. గుహలు ఇటు ప్రవేశించి అటు వెలువడునంత నిడివి గలవట. హాప్ అను ప్రతిస్పర్ధి ప్రతి మలుపునందును ఎదురై, ఓడి, తన యోటమి గూర్చి సుదీర్ఘముగా మనోవేదనను వెలిబుచ్చి, మరల మరుసటి మలుపున ప్రత్యక్షమగునట. అన్నిటికంటె నన్ను కదలించినది కథావిషయము. దేశమునకు విపత్తు వాటిల్లినపుడెల్ల లియాన్ అను పెద్ద మొనగాడు వచ్చి, ఇది మేము చూచుకొందుము, నీవు పోయి నీ పోటీలు కానిచ్చుకొమ్మని కథానాయకుని పంపివేయుచుండునట. ఉత్తరగోగ్రహణమునకు బయలుదేరిన బృహన్నలను విరాటుని కొలువువారు దారిలోనే నిలిపి, ఆవుల సంగతి మాకు వదలి నీవు పోయి నాట్యము నేర్పుకొమ్మని మరలించియున్నచో, తిక్కన యెంతటి మహాకవి యైనను ఆ పర్వమును కాపాడగలిగియుండెడివాడు కాడు.

ప్రతివాది పక్షమున మాటాడువారు లేకపోలేదు. ఇది పిల్లల యాట, మీసములు వచ్చినవారు దీనియందు లోపములు వెదకుటయే లోపమని వారి సిద్ధాంతము. పిల్లలకై చేసినది నాసిగా నుండవచ్చునను ధర్మము ఏ స్మృతిలో నున్నదో వారు సెలవియ్యరు. వాదులయందును ఒక దౌర్బల్యము కలదు. ఏ భాగము సర్వశ్రేష్ఠమని యడిగినచో ప్రతివాడును తాను పదేండ్ల వయసున ఆడినదానిని పేర్కొనును; వాని పుట్టినయేడు తెలిసినచో అడుగకయే చెప్పవచ్చును. అయినను, చెట్టు చెట్టువలె లేదనుట పదేండ్లవానికిని, ముప్పదియేండ్లవానికిని సమానముగా కనబడు సత్యము గనుక, ఈ దౌర్బల్యము వ్యాజ్యమును కొట్టివేయుటకు చాలదని నా యభిప్రాయము.

చెట్ల తీర్పు తరువాత పెద్దాయన టీ మీదనే దృష్టి నిలిపెను. పాత జంతువులను తోలుకొనిపోయిన సంగతి వచ్చినప్పుడే ఆయన గ్లాసు క్రింద పెట్టెను.

“చిన్నప్పుటినుంచీ సాకినాం మావా. గేటుకాడికి తీసుకపోతే, నీది లిస్టులో లేదు పో అన్నారు.”

“నోబిడ్,” అనెను పెద్దాయన.

ఈ పదమునకు మా ప్రాంతమున వ్యాఖ్యానము అక్కరలేదు. నెలల తరబడి పండించి, బ్యారనీలో కాల్చి, గ్రేడు చేసి, లారీకెత్తి కలిగిరికో డీసీపల్లికో తోలుకొనిపోయిన పొగాకు బేలు ముందు కంపెనీవారు నిలువకయే సాగిపోయినచో అది నోబిడ్. రైతు దానిని మరల లారీకెత్తించి, రెండవ బాడుగ కూడ ఇచ్చుకొని, ఇంటికి తెచ్చుకొనవలెను.

“ఎందుకు నోబిడ్ అంటే ఏం జెప్పినారు?”

“బొమ్మలు బాగా కదలాలంటే అన్నీ పెట్టలేమన్నారు.”

“కదిలినాయా?”

“లేదు మావా.”

“మరి ఎనక్కి తెచ్చుకున్నెయ్యి యాడ పెట్టుకున్నారు?”

ఇచ్చట సాక్షి కలుగజేసికొని, 2020 ఫిబ్రవరి నుండి కంపెనీవారే పోకెమాన్ హోమ్ అను గిడ్డంగి తెరచిరని, సంఖ్య కొద్దిగా నున్నచో ఉచితమే కాని మందలు గలవారు సాలుకింత యని బాడుగ కట్టుకొనవలెనని విన్నవించెను. తిరస్కరించినవాడే గిడ్డంగి పెట్టి బాడుగ పుచ్చుకొను పద్ధతి పొగాకు వ్యాపారులకు కూడ ఇంతవరకు స్ఫురింపకుండుటకు పెద్దాయన వెంగమాంబ తల్లికి చేతులు జోడించెను. అదే యేట జూనునందును అక్టోబరునందును రెండు అనుబంధఖండములు వెలువడి, వానితో పాటు తొలగింపబడినవానిలో రెండు వందలకు పైగా జంతువులు పునఃప్రవేశము పొందెను. గిడ్డంగినుండి తెచ్చుకొనుట ఉచితమే. ఆ క్రొత్త దీవులలో తిరిగి వానిని పట్టదలచినవారు మాత్రము మరల వెల చెల్లించిరి.

“ఇంత అన్నేయం జేస్తే ఎవురూ కొనకుండా పోయుంటారే?”

నిశ్శబ్దము. ఆ జంటభాగములు విడుదలైన వారాంతముననే 60 లక్షల ప్రతులు అమ్ముడుపోయెననియు, తుదకు లెక్క రెండున్నర కోట్లు దాటెననియు నేను చెప్పవలసివచ్చెను. వారిద్దరును నేలచూపులు చూచుచుండిరి.

“నువ్వు?”

“నేను స్వోర్డ్ కొన్నా మావా. వాడు షీల్డ్ కొన్నాడు. ఒగదాంట్లో దొరికేది ఇంగోదాంట్లో దొరకదు.”

ఒకే కథను రెండు పేర్లతో అమ్ముట 1996 నాటి సనాతనాచారమే గనుక దీనిని నేను నేరముగా నెన్నను. పెద్దాయన మాత్రము చాల సేపటివరకు ఆ కుర్రవాని వంక చూచెను. “నేనంటే ఈ మెట్టలో పొగాకు దప్ప ఇంగేం ఏసినా గిట్టదు గాబట్టి, నోబిడ్ అన్నా మళ్ళీ ఏడు మళ్ళీ ఏస్తా. నీకేం అగత్యం వచ్చిందిరా అబ్బయా?”

ఈ ప్రశ్నకు సమాధానము కంపెనీవారి ఖాతాపుస్తకములలో కలదు. 2022 నవంబరు 18వ తేదీన ‘స్కార్లెట్’, ‘వైలెట్’ అను తరువాతి జంట వెలువడినపుడు, దూరమున గాలిమర తడవకొకసారి కుదుపుతో కదలెను. తరగతిగదిలో వెనుకవరుస విద్యార్థులు పటములు మార్చినట్లు అంచెలంచెలుగా చేతులాడించిరి. కొందరి కథానాయకులు నేలను చీల్చుకొని పాతాళమునకు జారిపోయిరి. మూడు దినములలో అమ్ముడుపోయిన ప్రతులు 1 కోటి. నింటెండోవారి చరిత్రలో అంతకు మున్ను ఏ క్రీడకును అంతటి ప్రారంభము లేదు. డిసెంబరు మొదట ఒక సవరణ విడుదల చేయుచు, ఆ పత్రమున అసౌకర్యమునకు క్షమింపగోరి, క్రీడాకారుల యభిప్రాయములను మిక్కిలి గౌరవముతో పరిగణించుచున్నామని వారు తెలిపిరి. కోటి మంది సొమ్ము చెల్లించి తెలిపిన యభిప్రాయమును వారు గౌరవింపక యెట్లుందురు? నోటితో చెప్పినది, జేబుతో చెప్పినది అని అభిప్రాయములు రెండు విధములుగా నుండగా, వ్యాపారస్థుడు రెండవ భాషయందే పండితుడగుట సహజము.

ప్రసంగవశమున మెట్టప్రాంతపు ఫిర్యాదొకటి చేర్చుచున్నాను. 2016 డిసెంబరులో జియోవారి సహాయముతో పోకెమాన్ గో అను ఫోను క్రీడ మన దేశమునకు వచ్చినపుడు, ఆ జంతువులు కూడ నగరవాసప్రియములేయని తేలెను. పట్టణపు కూడళ్లలో గుంపులు గుంపులుగా కనిపించు ప్రాణులు, అడవియు గడ్డియు సమృద్ధిగా నున్న ఉదయగిరి కొండ దిగువను కానరావు. ఆ దుర్గమునే 1514లో కృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి సాగించి సాధించెను. ఆయనకు సిగ్నలు అవసరము లేకపోయెను.

కలిగిరి బస్సు ఇంకను రాలేదు. నోబిడ్ అయిన బేలునకు కారణము వ్రాతమూలముగా అడుగుట రైతు హక్కని, అడుగకుండుట తప్పని పెద్దాయన పట్టుబట్టగా, నేను ముసాయిదాకు పూనుకొంటిని. దుత్తలూరు మండల నివాసులగు ఈ క్రింద సంతకములు చేసినవారు విన్నవించుకొనునది యేమనగా, తాము బాల్యమునుండి పోషించిన జంతువుల తిరస్కరణకు జంతువారీగా కారణములు తెలుపవలెననియు, తన్నుట యనిన కాలు లేవవలెననియు, లియాన్ గారిని ఇతరోద్యోగమునకు బదిలీ చేసి విపత్తులను కథానాయకునికే విడువవలెననియు, గాలిమర తిరుగుటకు గాలి చాలదేని మా ఉదయగిరి కొండగాలిని వినియోగించుకొనవచ్చుననియు సవినయముగా వ్రాసితిని. కడపటి వాక్యముగా, పై కోర్కెలు తీర్పబడనియెడల రాబోవు భాగమును కొనబోమని ఇందుమూలముగా తెలియజేయుచున్నామని చేర్చి, కాగితమును వారి వైపు జరిపితిని.

బెంగళూరు కుర్రవాడు రెండు మారులు చదివెను. నా కలము తీసికొని ఆ చివరి వాక్యమును అడ్డముగా కొట్టివేసి, దాని స్థానమున రాబోవు భాగపు విడుదల తేదీ ముందుగా తెలుపగోరుచున్నామని వ్రాసి, సంతకము పెట్టెను.