చక్కెర సీమలో పుట్టిన రాయిని

నా ఒళ్లు నాలుగు మిల్లీమీటర్లు. పేరు కాల్షియం ఆక్సలేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం మా వంశమే. బోధన్ ప్రాంతంలోని చందూర్‌లో వరికోత మిషన్ నడిపే ఇరవై రెండేళ్ల కుర్రాడి ఎడమ కిడ్నీలో పుట్టాను.

నా పుట్టుక బోధన్ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అక్కడి షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసాన్ని మరిగించి చిక్కబరిస్తే, ఇక కరిగి ఉండలేక చక్కెర పలుకు కట్టేది. నేనూ అంతే. మూత్రంలో నీరు తగ్గితే కాల్షియం, ఆక్సలేట్ కలిసి పలుకు కడతాయి. పలుకు మీద పలుకు పేరుకుంటే రాయి. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. నా ఫ్యాక్టరీ మాత్రం ఎండాకాలం మూడు షిఫ్టులూ నడుస్తుంది.

యాసంగి కోతలప్పుడు మావాడు పొద్దున ఎక్కితే మునిమాపుదాకా మిషన్ దిగడు. నీళ్లు తాగితే ఒంటికి దిగాల్సి వస్తుందని తాగనే తాగడు. తాగిన కాసినీ చెమటకే సరి. దాహమైతే కూల్‌డ్రింకు, నోటికి మిక్చర్, రాత్రికి చికెన్. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. మాంసం మితిమీరితే, నన్ను కట్టనివ్వని సిట్రేట్ తగ్గుతుంది. నాకు ఇంతకన్నా ఏం కావాలి?

ఒక రాత్రి జారి మూత్రనాళంలో ఇరుక్కున్నాను. నడుము పక్కనుంచి గజ్జలదాకా నొప్పి, వాంతులు, ఎర్రటి మూత్రం. స్కానింగ్‌లో దొరికిపోయాను.

ఇక సలహాలు మొదలు. “పాలు, పెరుగు బంద్ చెయ్యి బిడ్డా, అండ్ల సున్నం ఉంటది” అంది అమ్మమ్మ. “బీరు కొట్టు, రాయి కొట్టుకపోతది” అన్నాడు దోస్తు. రెండూ విని సంబరపడ్డాను. డాక్టరమ్మే నా ఆశ మీద నీళ్లు చల్లింది: “బీరు మందు కాదు. పెరుగు మానకు, అన్నంతోనే తిను. దాంట్లో కాల్షియం పేగుల్నే ఆక్సలేట్‌ను పట్టుకుంటది, కిడ్నీదాకా రానియ్యది. తగ్గించాల్సింది ఉప్పు.” ఆమె మాటకు ఆధారముంది. ఇటలీ వైద్యులు రాళ్లు పడ్డ మగవాళ్లను ఐదేళ్లు గమనించి 2002లో ఫలితం ప్రకటించారు. కాల్షియం తగ్గించినవాళ్లకన్నా, దాన్ని మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో రాళ్లు తిరిగి రావడం దాదాపు సగమే.

చిన్నదాన్ని కాబట్టి మందులతో, నీళ్లతో బయటపడ్డాను. జల్లెడలో పట్టి ల్యాబుకు పంపితే నా కులగోత్రాలు తేలాయి. అయితే ఒకసారి రాయి పడ్డవాళ్లకు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. అలవాట్లు మారకపోతే నా తమ్ముళ్లు వస్తారు.

అందుకే పిల్లలూ, నా శత్రువుల చిట్టా నేనే చెబుతున్నా. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగండి. ఎండలో పనిచేస్తే మూడు లీటర్లు తాగినా చాలకపోవచ్చు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టు, ముదురైతే నా పని మొదలైనట్టు. ఉప్పు, చక్కెర లేని నిమ్మనీళ్లు మంచివి. రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములు దాటొద్దు. రాళ్లు పడ్డవాళ్లు పాలకూర రోజూ తినొద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగాలి. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. మిషన్ కాసేపు ఆపితే కోత ఆగిపోదు. దిగి నీళ్లు తాగండి.